సుపేలా సందుల్లో పాత లారీ

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం దాటి సాలూరు చేరేసరికి రోడ్డుకు రెండు పక్కలా ఒకటే సందడి, లారీ సందడి. ఒక షెడ్డులో తొట్టి కడుతుంటారు, పక్క షెడ్డులో కమాన్ కట్టలు విప్పి పరిచి ఉంటాయి, ఆ పక్కన పెయింటరు క్యాబిన్ నుదుటి మీద దేవుడి పేరు దిద్దుతుంటాడు. ఆంధ్రలో విజయవాడ తర్వాత లారీల ఊరని పేరు తెచ్చుకున్న చిన్న పట్నం ఇది. అందుకు కారణం ఆ ఊరు ఉన్న చోటే. మైదానం ఇక్కడితో ఆగిపోయి తూర్పు కనుమలు మొదలవుతాయి. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి అనిపించుకున్న దారి సాలూరు దాటగానే కొండెక్కి, కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్, కాంకేర్, ధమ్‌తరి మీదుగా రాయ్‌పూర్‌కు చేరేది. ఇప్పుడు ఆ దారినే ముక్కలు చేసి 26, 63, 30 అని నంబర్లు వేశారు. రాయ్‌పూర్ దాటి ముప్పై కిలోమీటర్లు పోతే భిలాయి, ఆ ఉక్కు పట్నానికి బజారులాంటి సుపేలా. పాత లారీని ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్నను వెంటబెట్టుకుని తిరగడానికి తెలుగువాళ్ళకు ఇంతకంటే మంచి దారి లేదు. ఒక కొసన లారీలు కట్టి, నడిపి, అమ్మేవాళ్ళు ఉన్నారు. రెండో కొసన ఆ లారీతో రోజంతా దుకాణం దుకాణానికీ సరుకు దింపాల్సినవాళ్ళు ఉన్నారు.

పాత బండ్ల బేరం ఎక్కడ జరిగినా మొదట వినబడేవి రెండే ప్రశ్నలు: ఏ సంవత్సరం మోడలు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. రెండూ అడగాల్సినవే. అయితే ఊరూరా కొద్దికొద్దిగా సరుకు దింపే పనికి ఈ రెండిటినీ నమ్ముకుని బండి కొన్నవాడు నష్టపోతాడని నా వాదం. ముందుగా అడగాల్సింది, ఈ లారీ ఇంతకాలం ఏ సరుకు మోసింది, ఇక మీదట రోజుకు ఎన్నిచోట్ల ఆగబోతోంది అని. ఇంజనూ తొట్టీ ఒకే ఛాసిస్ మీద ఉండే బండిని, అంటే వెనక ట్రైలరు తగిలించని మామూలు లారీని దృష్టిలో పెట్టుకుని ఈ మాట అంటున్నాను. నాలుగు టన్నుల మినీ లారీ అయినా, తొమ్మిది పది టన్నులు మోసే ఆరు టైర్ల లారీ అయినా ఇదే లెక్క.

పి.కోనవలస దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఆ లెక్క కళ్ళ ముందే మొదలవుతుంది. మలుపు మలుపుకీ కింద లోయలో పచ్చదనం, పైన ఎర్రటి కొండ చరియ, నడుమ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కే లోడు బండ్లు. ఎక్కేటప్పుడు ఇంజను, దిగేటప్పుడు బ్రేకు డ్రమ్ములు పరీక్షకు నిలబడతాయి. పైకి వెళ్ళాక కోరాపుట్ పీఠభూమి మీద గాలి చల్లబడుతుంది, దారి సాగుతుంది, బండి ఒకే వేగంతో గంటల తరబడి పోతుంది. ఇలా దూరాలు తిరిగే లారీ రోజుకు 300 కిలోమీటర్ల చొప్పున నెలకు పాతిక రోజులు నడిచిందనుకుంటే ఏడాదికి 90,000 కిలోమీటర్లు. మీటరు చూస్తే గుండె ఆగుతుంది. అయినా దాని ఇంజను వేడెక్కాక చల్లారకుండా సమంగా తిరిగింది, క్లచ్ మీద కాలు పడింది తక్కువసార్లే, సెల్ఫ్ కొట్టింది రోజుకు ఐదారుసార్లే. ఇక ఊళ్ళోనే సరుకు దింపే బండిని చూడండి. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 18,000. మీటరు చూసి ముచ్చట పడతాం. కానీ అది రోజుకు ఇరవై చోట్ల ఆగి ఇరవైసార్లు స్టార్టయింది. ఏడాదికి 6,000 సార్లు సెల్ఫ్ మోటారు తిరిగింది, అంతకు ఎన్నో రెట్లు క్లచ్ ప్లేటు రాపిడికి గురైంది, తొట్టి తలుపుల బందులు వేలసార్లు మూసుకుని తెరుచుకున్నాయి. అందుకే మీటరు తక్కువ చూపించిన బండి ఇంజను బాగుండి మిగతాదంతా అరిగి ఉండవచ్చు. మీటరు ఎక్కువ చూపించిన బండిలో క్లచ్చూ సెల్ఫూ ఇంకా గట్టిగా ఉండవచ్చు. కిలోమీటరు దూరానికి కొలతే గానీ ఆగడానికి కొలత కాదు, ఈ పనిలో బండిని తినేది ఆగడమే.

జైపూర్, కోట్‌పాడ్ దాటి బస్తర్‌లోకి అడుగు పెట్టాక అడవీ వరి మళ్ళూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. జగదల్‌పూర్ చుట్టుపక్కల వారపు సంతల్లో ఎర్ర చీమల చట్నీ, చాపడా, ఆకు దొప్పల్లో అమ్ముతారు. మన నాలుకకు అది పులుపూ కారమూ కలిసిన కొత్త రుచి. కొండగావ్ దాటాక కేశ్‌కాల్ ఘాట్. పన్నెండు మలుపులున్నాయని డ్రైవర్లు దాన్ని బారా భాంవర్ అంటారు. మలుపుల మధ్యలో తేలిన్ సతీ మాత గుడి దగ్గర బండి నెమ్మది చేసి దణ్ణం పెట్టుకోకుండా పోయే లారీ అరుదు. మన సాలూరు ఘాట్ ఎక్కే ముందు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టే అలవాటుకు ఇది చుట్టమే. భాష మారింది గానీ భయమూ భక్తీ మారలేదు. ఈ ఘాట్ల మీద పోయే ఆరు టైర్ల లారీల్లో చాలావాటికి నేషనల్ పర్మిట్ ఉంటుంది, ఆ పర్మిట్‌కు ఆయుష్షు ఉంటుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం రెండు ఇరుసుల సరుకు బండికి పన్నెండేళ్ళు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు, మూడు అంతకు మించిన ఇరుసులున్న బండికైతే పదిహేనేళ్ళు. ఒక్క నిబంధనే పాత లారీల బజారును ఎలా నడుపుతుందో చూడండి. పన్నెండో ఏట దూరాల దారి మూసుకుపోయిన బండి ఒకే రాష్ట్రం లోపల తిరిగే పనికి దిగుతుంది. సుపేలాలాంటి చోట్లకు అమ్మకానికి వచ్చే ఆరు టైర్ల లారీకి వెనక తరచు ఈ కథే ఉంటుంది. కొనేవాడు వయసును చూసి భయపడడం కంటే ఆ పన్నెండేళ్ళూ అది ఏ దారుల్లో ఏం మోసిందో తెలుసుకోవడం మేలు. వయసుకు తగ్గ ఖర్చును మాత్రం లెక్కలో వేసుకోవాల్సిందే. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. పదిహేనేళ్ళు దాటిన పెద్ద లారీకి ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 12,500 రూపాయలకు పెంచారు. ఆ లెక్కన అప్పట్లో పన్నెండేళ్ళ బండిని కొన్నవాడి చేతిలో నిజానికి మిగిలింది మూడేళ్ళ చవక కాలమే.

ధమ్‌తరి వచ్చేసరికి కొండలు పూర్తిగా వెనకబడి వరి మైదానం పరుచుకుంటుంది. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అనడం ఊరికే కాదు. ఇక్కడ రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న ఉల్లిపాయ నంజుకుని తినేదాన్ని బోరే బాసీ అంటారు. మన చద్దన్నమే. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి శ్రామికుల గౌరవార్థం దాన్ని తినమని రాష్ట్రమంతటికీ పిలుపిచ్చారు. మన దగ్గర చద్దన్నానికి అలాంటి గౌరవం ఎవరైనా ఇస్తే బాగుండునని ఈ దారిలో పోయే తెలుగువాడికి అనిపించక మానదు. రాయ్‌పూర్ శివారు టాటీబంధ్ దగ్గర లారీల వరసలు సాలూరును గుర్తుకు తెస్తాయి. అక్కడి నుంచి జీఈ రోడ్డు మీద కుమ్హారీ, భిలాయి. ఇక్కడి ఉక్కు కర్మాగారం 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశంలో రైలు పట్టాలు అనగానే భిలాయి పేరే వస్తుంది. కట్టుబడి పనుల నాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది, ఖుర్సీపార్‌లో తెలుగు మాటే వినబడుతుంది. ఆ తెలుగులో హిందీ కలిసిపోయినా యాస మాత్రం ఉత్తరాంధ్రదే. కొత్తవాడు దారి అడిగితే చెప్పి ఊరుకోరు, మలుపు దాకా వచ్చి చూపిస్తారు.

టౌన్‌షిప్ సెక్టార్లు గీత గీసినట్టు ఉంటాయి: వెడల్పాటి వీధులు, చెట్లు, క్వార్టర్లు. రైలు పట్టాలూ జీఈ రోడ్డూ దాటి సుపేలాలోకి వస్తే ఊరు దానంతట అది పెరిగిన తీరు కనబడుతుంది. ఆకాశ్ గంగా అనే చోట కూరగాయల మండీ, కిరాణా హోల్‌సేల్ దుకాణాలు, ఇనుప సామాను, బట్టలు. ఆదివారం నాడు రోడ్డు మీదే సంత. పోహా, జిలేబీ, చాయ్‌లతో తెల్లవారే ఈ బజారులో సరుకు బండికి దక్కే చోటు ఎంత అనేదే అసలు ప్రశ్న. ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఉక్కు పట్నం కావడంతో పెద్ద పాత లారీలు దండిగా దొరుకుతాయి. పది టైర్ల బండి ఒకటి కొంటే నలభై దుకాణాల సరుకు ఒకే ట్రిప్పులో పోతుంది, టన్నుకు పడే డీజిలు తక్కువ, ఒకే డ్రైవరు జీతం అంటారు. కాగితం మీద అది నిజమే. కానీ గడియారం ఒప్పుకోదు. ఒక్కో దుకాణం దగ్గర బండి నిలబెట్టి, పెట్టెలు లెక్కపెట్టి దింపి, బిల్లు మీద సంతకం తీసుకుని కదలడానికి పావుగంట పడుతుందనుకుందాం. పద్దెనిమిది దుకాణాలకు నాలుగున్నర గంటలు. నలభై దుకాణాలకు పది గంటలు. ఇందులో ప్రయాణం ఇంకా కలపలేదు. పెద్ద లారీ సగం సరుకుతో వెనక్కి వస్తుంది, లేదా రాత్రి దుకాణాలు కట్టేశాక తలుపులు తడుతుంది. అదీ గాక బిస్కెట్లు, చిప్సు, ప్లాస్టిక్ సామాను లాంటివి మోసేటప్పుడు తూకం నిండకముందే తొట్టి నిండిపోతుంది. ఇరవై ఎనిమిది టన్నుల లారీ కొని ఆరు టన్నుల గాలి మోయిస్తే ఏం లాభం? ఏ బండి కావాలో ఆ దారిలోని దుకాణాల సంఖ్యే తేల్చి చెప్పేస్తుంది.

సుపేలా నుంచి ఊరూరా సరుకు తీసుకుపోయే బండ్లలో ఐషర్, టాటా 407 జాతి బండ్లకు ఉన్న చోటు ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే ఇదే కథ సముద్రాల అవతలా నడుస్తోంది. 1980ల మధ్యలో నాలుగు జపాన్ కంపెనీలు మన కంపెనీలతో జత కట్టాయి: డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. వాటికి జవాబుగా 1986లో టాటా 407 వచ్చింది. డీసీఎం టొయోటా కంపెనీ ఎప్పుడో పోయింది. తెలంగాణలో మాత్రం ఆ సైజు లారీని ఇప్పటికీ డీసీఎం అనే అంటున్నాం, పత్రికలూ అలాగే రాస్తున్నాయి. ఐషర్ తెచ్చిన క్యాంటర్‌కు అక్కచెల్లెళ్ళే నేడు జపాన్‌లో వాడేసి ఓడల్లో తూర్పు ఆఫ్రికాకు వెళ్తున్న పాత క్యాంటర్లు. ఇసుజు ఎల్ఫ్‌లదీ అదే దారి. కెన్యా ఎనిమిదేళ్ళు దాటిన వాడిన బండిని దిగుమతి చేసుకోనివ్వదు, స్టీరింగు కుడి వైపే ఉండాలి. బ్రిటన్ నుంచి వెళ్ళే ఏడున్నర టన్నుల, పద్దెనిమిది టన్నుల లారీలకూ అక్కడ గిరాకీ ఉంది. ఆ కొనుగోలుదారులకు ఎదురయ్యే పెద్ద చిక్కు యూరో 6 ఇంజను. దాని పొగ గొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. డీజిల్‌లో గంధకం ఎక్కువగా ఉన్న దేశాల్లో అది చెడిపోతుంది. మన దగ్గర 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 డీజిలే వస్తోంది గనుక ఇంధనంతో బాధ లేదు. చిక్కు వేరే చోట ఉంది. ఆ వడపోత పట్టిన మసిని కాల్చేసుకోవాలంటే బండి కొంతసేపు గట్టి వేడితో ఆగకుండా నడవాలి. రోజంతా వంద అడుగులకోసారి ఆగే బండికి ఆ అవకాశం రాదు. ఊళ్ళోనే తిరగబోయే బండికి పాత బీఎస్ 3, బీఎస్ 4 ఇంజను నయమని సుపేలా మేస్త్రీలు అంటే దాన్ని చాదస్తమని కొట్టిపారేయలేం. ఆ మాటకు పొగ, ఆరోగ్యం వైపు నుంచి బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని నేను ఒప్పుకుంటాను. కూరగాయల మండీలో పిల్లల ముక్కు ఎత్తుకే పొగ గొట్టం ఉంటుంది. అందుకే బీఎస్ 6 బండి కొనదలిస్తే వారానికి రెండు మూడు రోజులు బాలోద్ లాంటి దూరపు ఊళ్ళ దారిలో నడపగలిగినవాడే కొనాలని, అలా నడపలేనివాడు సందుల పనికి కరెంటు ఆటోల వైపు చూడాలని నా మాట.

ఇక ఉక్కు పట్నంలో తప్పక వినబడే రెండో అభ్యంతరం: ఇనుము మోసిన బండి గట్టిది, బిస్కెట్లు దానికి ఒక లెక్కా అని. దీనికి జవాబు లారీ వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటే దొరుకుతుంది. వెనక ఇరుసు మీద కమాన్ కట్టలు వేళ్ళతో లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చిన దానికంటే రెండు మూడు పట్టీలు ఎక్కువున్నాయంటే బరువును తట్టుకోవడానికి ఎవరో చేర్చారని అర్థం. ఆ బండి ఖాళీగానో తేలిక సరుకుతోనో పోతుంటే కట్టలు వంగవు. గుంత తగిలిన ప్రతిసారీ తొట్టి ఎగిరి పడుతుంది. గుడ్లు, సోడా సీసాలు, అద్దాలు మోసేవాడికి ఆ గట్టిదనం పగుళ్ళ ఖాతాలో తేలుతుంది. తర్వాత తొట్టిలోకి ఎక్కి అడుగు చెక్కలు చూడాలి. ఇనుప కడ్డీలు మోసిన చెక్క మీద నిలువునా గాడులు పడతాయి, చివర వెనక తలుపు అంచు నలిగి ఉంటుంది. సిమెంటు మోసిన దాని చీలికల్లో బూడిద రంగు గడ్డ కట్టి ఉంటుంది, గోటితో గీరినా రాదు. ఉప్పు మోసిన దాని మేకుల చుట్టూ తుప్పు పువ్వులా విప్పుకుంటుంది. పాల క్రేట్లు, కూల్‌డ్రింకు క్రేట్లు లాగిన బండిలో చెక్క నున్నగా అరిగి, తలుపు దగ్గర మాత్రం ఎక్కువ అరిగి ఉంటుంది. ఊరూరా సరుకు దింపే బండి కోసం వెతికేవాడికి కావాల్సింది ఈ చివరిదే. చెక్కలన్నీ కొత్తగా వేసి ఉంటే పాతవి ఏమయ్యాయని అడగాలి, కింద అడ్డ దూలాలు వంగాయేమో దీపం పెట్టి చూడాలి. ఛాసిస్ పొడవు దూలం మీద వెల్డింగు ముద్దలు కనబడితే, రివెట్లు ఉండాల్సిన చోట బోల్టులు ఉంటే, ఆ బండి ఎప్పుడో మోయరాని బరువు మోసింది. 2018లో ప్రభుత్వం రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది. పెంచకముందే దాన్ని మించి మోసిన బండ్లు ఎన్నో, వాటి ఛాసిస్సే సాక్ష్యం చెబుతుంది. రంగుతో వయసును కప్పగలరు గానీ ఈ గుర్తులన్నిటినీ కప్పడం కష్టం.

పెద్ద లారీ వద్దంటే మూడు టాటా ఏస్‌లు కొనమంటారు కొందరు. సుపేలా, దుర్గ్ సందుల వరకు అది మంచి సలహాయే, ఒక బండి పాడైనా రెండు నడుస్తాయి. ఊరు దాటి అరవై, తొంభై కిలోమీటర్లు పోవాల్సిన సరుకుకు మాత్రం ముగ్గురు డ్రైవర్ల జీతం, మూడు బీమాలు మోయలేని భారం. మధ్యలో నిలబడేది 7,500 కిలోల లోపు మొత్తం బరువున్న మినీ లారీ. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మామూలు తేలిక వాహనాల లైసెన్సుతోనే ఆ బరువు దాకా సరుకు బండి నడపవచ్చని తేల్చింది. డ్రైవర్లు దొరకడమే కష్టమైన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో దీనికి తలకిందులుగా జరిగింది: 1997 నుంచి కారు లైసెన్సు తీసుకున్నవాళ్ళు ఏడున్నర టన్నుల బండి నడపాలంటే వేరే పరీక్ష రాయాల్సి వచ్చింది. కొత్తదే అప్పు మీద కొంటే పోదా అన్నవాళ్ళకు నా జవాబు సరుకును బట్టి మారుతుంది. మందులు, పాలు లాంటివి ఒక్క పూట కూడా ఆగకూడదు, వాటికి కొత్త బండే న్యాయం. సబ్బులు, నూనె, పప్పు మోసేవాడికి నెల నెలా వచ్చే కంతు కంటే ఇంటి దగ్గరి మేస్త్రీకి అప్పుడప్పుడూ ఇచ్చే డబ్బు తక్కువ. బండి తక్కువ తిరుగుతుంది గనుక కొత్తదానికి పెట్టిన పెట్టుబడి తొందరగా తిరిగి రాదు. సాలూరు నుంచి కొనుక్కుపోయేవాడు ఒక్కటి మరవకూడదు. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌వోసీ, ఫైనాన్స్ ఉంటే తీరినట్టు పత్రం చేతికి రాకుండా డబ్బు ఇవ్వకూడదు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే దుర్గ్‌లో సీజీ 07 నంబరు తీసుకోవాల్సిందే.

సుపేలాలో లోడయిన బండి దుర్గ్, గుండర్‌దేహీ, బాలోద్ మీదుగా దల్లీ రాజహరా దాకా పోతుంది. పల్లెలు, చెరువులు, గట్ల మీద తాడి చెట్ల బదులు ఇప్ప చెట్లు. దారిలో దుకాణదారు చాయ్ ఇవ్వకుండా బిల్లు మీద సంతకం పెట్టడు. ఆ చాయ్ పావుగంటను ఇరవై నిమిషాలు చేస్తుంది, లెక్కలో అదీ కలుపుకోవాలి. దూరాల డ్రైవరు ధాబాలో తిని క్యాబిన్‌లో పడుకుంటాడు. ఈ దారి డ్రైవరు రాత్రికి ఇంటికి చేరతాడు. ఏళ్ళ తరబడి అదే మనిషి, అదే బండి. గేరులో కొత్త చప్పుడు వస్తే రెండో రోజుకే పట్టుకుంటాడు. పాత బండికి అంతకు మించిన బీమా లేదు. దల్లీ రాజహరా భిలాయి ఫర్నేసులకు ఇనుప ఖనిజం పంపే గనుల ఊరు. రోడ్డు, గోడలు, ఆకులు, కిరాణా కొట్టు గల్లా పెట్టె దాకా ఎర్రటి దుమ్ము. ఖనిజం టిప్పర్ల పక్కనే బిస్కెట్ల లారీ ఆగి ఉంటుంది, రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఛాసిస్ మీదివి. ఆ టిప్పరు తొట్టి తీసేసి, చెక్క తొట్టి కట్టి, నీలి రంగు వేసి రేపు ఎవరికైనా సరుకు బండిగా చూపించవచ్చు. అలాంటి బండి దగ్గర చేయాల్సిన పని చిన్నది. ఇంజను చల్లగా ఉన్న పొద్దున్న పూట వెళ్ళి, ఛాసిస్ దూలం లోపలి మూలలో, నీళ్ళ పైపు అందని చోట, చూపుడు వేలు పెట్టి గట్టిగా తుడిచి వెలుతురులోకి తీసి చూడాలి. గనుల్లో తిరిగిన బండైతే వేలి కొసకు ఎర్ర దుమ్ము అంటుకుంటుంది.